ఒకే తల్లి, రెండు నారుమళ్లు

నర్సరీ వెనక గది
మే 6

ఎందుకమ్మకి,

మీ నాన్న నన్ను అబద్ధాలకోరు అన్నాడు. పదమూడేళ్లయింది. ముందు ఈ మాట రాసేస్తున్నాను. తక్కినవి రాసేలోపల నా వేళ్లు మొండికేస్తే కనీసం ఇదైనా నీకు చేరాలి. నేను నాలుగో తరగతి దాటలేదు. పార పట్టిన చేతికి పెన్ను పుల్లలా ఉంటుంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకో, నాకు తిప్పి పంపకు.

చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని మా ప్రాణం తీసేదానివని నీకు ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు ఆ పనికే నీకు జీతం ఇస్తున్నారని మీ పెద్దమ్మ చెప్పింది. అడవిచెట్ల ఆకులు తెచ్చి, నూరి, మిషన్లలో పోసి, చెట్టు లోపల ఏం జరుగుతోందో చెబుతారట. సరే. అయితే నాదొక వ్యాజ్యం ఉంది, విను.

ఊటబావి పైన ఒక అగ్గిపుల్లల చెట్టు ఉండేది. అంత నిటారు చెట్టు ఈ కొండ మీద ఇంకోటి లేదు. మొదటి కొమ్మ అందాలంటే నడుముతాడు కట్టుకుని పాకాలి. కొండవాలు మీద దాని పిల్లల్నే నాటమని అడవి ఆఫీసరు చెప్పాడు. అప్పట్లో మీ నాన్నదీ నాదీ ఈ నర్సరీలోనే పని. మొదటిరోజు మీ నాన్న ఎక్కి తన మడికి కొమ్మలు కోసుకున్నాడు. మర్నాడు వాడు లారీ కోసం వెళ్లాడు. నేను ఒక్కణ్నే ఎక్కి నా మడికి కోసుకున్నాను. వాడిది పై మడి, పైపు అందదు. నాది తొట్టి పక్క కింది మడి. నా మొక్కలు చిలకల్లా ఉండేవి. వచ్చినవాళ్లందరికీ ఆఫీసరు నా మడే చూపించేవాడు.

వాలు మీద ఎడమ సగం నావి నాటాం, కుడి సగం వాడివి. రెండో ఏడు వానలు ఎగ్గొట్టాయి. వాడివి నిలబడ్డాయి. నావి వరసకు వరస పోయాయి. అప్పుడు మీ నాన్న ఆఫీసరు ముందు, కూలీల ముందు, మీ పెద్దమ్మ ముందు ఏమన్నాడో తెలుసా? "మా అన్న ఆ చెట్టు ఎక్కి ఉండడు సార్. వాగు పక్క పొట్టిచెట్టు కొమ్మలు కోసుకొచ్చి ఉంటాడు. ఒకే తల్లి పిల్లలైతే కొన్ని బతికి కొన్ని చావడమేంటి?"

నేను చెట్టుకి భయపడ్డానట! నేను! వాడికి చెట్టెక్కడం నేర్పిందే నేను. ఆ రోజు నుంచి వాడితో నాకు మాట లేదు. తల్లిచెట్టుని అడుగుదామంటే అది గాలివానకి కూలింది, మొద్దుని చెదలు తిన్నాయి. నా దగ్గర సాక్షి లేడు. నీ మిషన్లు చెట్టుని మాట్లాడించేవే అయితే, నా చెట్లని అడుగు.

పెద్దనాన్న


ప్రయోగశాల, మూడో అంతస్తు
మే 19

పెద్దనాన్నా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాన్న ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. "మీ పెద్దనాన్నకి తిక్క" అనే అనేవాడు. (ఇది పెద్దమ్మకి చదివి వినిపించకండి.)

మా పని మీ వ్యాజ్యానికి సరిగ్గా సరిపోతుంది. తగువు వచ్చినప్పుడు ఒక్క సాక్షిని నమ్మం కదా, నలుగుర్ని విడివిడిగా అడుగుతాం. చెట్టులోనూ నలుగురు సాక్షులున్నారు. మొదటిది డీఎన్‌ఏ. తల్లి ఇచ్చిన పుస్తకం అనుకోండి, కొమ్మ నాటితే అదే పుస్తకం పిల్లకి వస్తుంది. రెండోది ఆర్‌ఎన్‌ఏ. ఆ పుస్తకంలో ఈ పూట చెట్టు ఏ పేజీ చదువుతోందో అది చెబుతుంది. మూడోది ప్రోటీన్లు. చదివాక పనిలోకి దిగిన కూలీలు. నాలుగోది ఆ కూలీలు తయారుచేసిన సరుకు, అంటే చక్కెరలు, చేదులు, జిగుర్లు. నలుగురి మాటా కలిపి చూడడాన్ని మేము మల్టీ ఒమిక్స్ అంటాం. పేరు పెద్దది, పని మాత్రం పంచాయితీ.

మీ ప్రశ్నకి మొదటి సాక్షి చాలు. ఎడమ సగంలో బతికిన చెట్ల నుంచి, కుడి సగం చెట్ల నుంచి లేత ఆకులు పంపండి. ఆ పొట్టిచెట్టు ఇంకా ఉంటే దాని ఆకు కూడా తప్పకుండా పంపండి. చిన్న సీసాలు, వాటిలో తడి పీల్చే గోళీలు పంపుతున్నాను. ఆకుని తుంచి, ఆ గోళీల మధ్య పెట్టి మూత బిగించండి. అంతే. ఇంకేమీ చేయకండి.

ఒక్కటి ముందే చెబుతున్నాను. చెట్టు ఏం చెబితే అదే రాస్తాను. మీ వైపూ కాదు, నాన్న వైపూ కాదు.

మీ ఎందుకమ్మ


నర్సరీ వెనక గది
జూన్ 2

ఎందుకమ్మకి,

ఆకులు పంపాను. పొట్టిచెట్టు ఇంకా చావలేదు, దాని ఆకు ఎర్రదారం కట్టి వేరుగా పెట్టాను.

నీ గోళీలు మాత్రం తీసి పారేశాను. ఒక ఆకు వేసి చూశాను, సాయంత్రానికి బిస్కెట్టులా పెళపెళమంది. బతికున్నదాన్ని అట్లా ఎండబెట్టి చంపితే అది సాక్ష్యం ఏం చెబుతుంది? కోసిన కొమ్మని తడిగోనెలో చుట్టాలి. ఇది నా ఉద్యోగంలో మొదటిరోజు పాఠం. ప్రతి ఆకునీ తొట్టినీళ్లలో కడిగి, తడిగుడ్డలో చుట్టి, ఆ పైన గోనె చుట్టి పంపాను. దారిలో బస్సు ఆగినప్పుడల్లా నీళ్లు చల్లమని కండక్టరుకి చెప్పాను. వాడు నన్ను అదోలా చూశాడు.

నాన్న వైపు కాదన్నావు, సంతోషం. నా వైపు కూడా కాదన్నావు, అది నేను చదవలేదనుకో.

పెద్దనాన్న


ప్రయోగశాల, మూడో అంతస్తు
జూలై 11

పెద్దనాన్నా,

మీ గోనె విప్పగానే గదిలో ఉన్న నలుగురం బయటికి పరిగెత్తాం. వేసవిలో మూడు రోజుల తడిగుడ్డ! ఆకుల మీద బూజు పట్టింది. మొదటిసారి మిషన్ "ఇది చెట్టు కాదు, బూజు" అని తేల్చింది. మా మేడమ్ ఆ కాగితం గోడకి అంటించి, కింద "పెద్దనాన్న గారి పద్ధతి" అని రాసింది.

తిట్టుకున్నా, నాకొకటి అర్థమైంది. మీకు ఆకు అంటే బతికించాల్సింది. మాకు ఆకు అంటే తుంచిన క్షణంలో ఉన్నది ఉన్నట్టు ఆగిపోవాల్సింది. ఇద్దరం ఆకుని ప్రేమించేవాళ్లమే, మీరు తడిపి, మేము ఎండబెట్టి.

అదృష్టం కొద్దీ డీఎన్‌ఏ గట్టిపిండం. బూజు అంటని ముక్కలు ఏరుకుని మళ్లీ చేశాం. నాకే నమ్మకం చాలక ఇంకోసారి చేశాం.

ఎడమ సగం చెట్లు, కుడి సగం చెట్లు, అన్నిటిదీ ఒకే పుస్తకం. అక్షరం తేడా లేదు. పొట్టిచెట్టు పుస్తకం పూర్తిగా వేరు, దూరపు చుట్టం కూడా కాదు.

మీరు ఆ చెట్టు ఎక్కారు పెద్దనాన్నా.

మీ ఎందుకమ్మ


నర్సరీ వెనక గది
జూలై 17

ఎందుకమ్మకి,

ఎక్కానని నాకు తెలుసు. నువ్వు చెప్పాలా?

అయినా ఆ వాక్యం మీ పెద్దమ్మ చేత మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి "ఇక చాలు, చెవులు అరిగిపోతాయి" అంది. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వాలు మీదకి వెళ్లి ఎడమ సగంలో కూర్చున్నాను. గాలి లేకపోయినా ఆ ఆకులు ఊరికే వాగుతుంటాయి కదా, ఇవాళ విందామనిపించింది.

మీ నాన్నకి చదివి వినిపించు. పైకి, గట్టిగా. ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇంకొకటి. అక్కడ కూర్చున్నాక మొదలైంది, వదలడం లేదు. తల్లి ఒకటే. కొండ ఒకటే. ఆ ఏడు ఎండ అందరికీ ఒకటే. మరి నావి ఎందుకు చచ్చాయి? పదమూడేళ్లూ మీ నాన్న మీద కోపంతోనే సరిపోయింది, ఈ ప్రశ్న అడగడానికి తీరిక దొరకలేదు. నీ తక్కిన ముగ్గురు సాక్షుల్నీ పిలువు.

పెద్దనాన్న


ప్రయోగశాల, మూడో అంతస్తు
జూలై 29

పెద్దనాన్నా,

నాన్నకి చదివాను. భోజనం సగంలో చేయి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లాడు. కాసేపటికి వచ్చి "బూజు పట్టిన ఆకుల్ని నమ్మొచ్చా?" అన్నాడు. మూడుసార్లు చేశామన్నాను. "ఊఁ" అన్నాడు. ఆ రాత్రి టీవీ పెట్టలేదు.

మీ ప్రశ్న నాకూ వదలడం లేదు. తక్కిన ముగ్గురు సాక్షులు నిమిషాల్లో మాట మార్చేస్తారు. ఆకు తెంపగానే చెట్టు పేజీ తిప్పి "నన్ను తెంపారు" అనే పేజీ చదువుతుంది, దాహం పేజీ మూసేస్తుంది. అందుకని తెంపిన వెంటనే, ఊపిరి తీసుకునేలోపు, ద్రవ నైట్రోజన్లో ముంచాలి. పొగలు కక్కే చల్లటి ద్రవం, వేలు పెడితే వేలు పోతుంది. ఒకరు కోయాలి, ఒకరు ముంచాలి. వాన లేని వారం చూసి, మిట్టమధ్యాహ్నం చేయాలి.

డబ్బా ఇచ్చి ఒక మనిషిని పంపుతున్నాను. ఎలా ముంచాలో నేర్పాను. దయచేసి ఆకులు కడగకండి.

మీ ఎందుకమ్మ


నర్సరీ వెనక గది
సెప్టెంబర్ 14

ఎందుకమ్మకి,

మనిషిని పంపుతున్నానన్నావు. ఏ మనిషో రాయలేదు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

బస్సు దిగి, చంకలో డబ్బా పెట్టుకుని, చంటిపిల్లని మోస్తున్నట్టు జాగ్రత్తగా వస్తుంటే ఎవరో అనుకున్నాను. గేటు దగ్గరకి వచ్చాక పోల్చుకున్నాను. జుట్టంతా తెల్లబడింది. మీ పెద్దమ్మ మాత్రం "రా మరిదీ, కాళ్లు నొప్పులా?" అని రోజూ చూసే మనిషిని పలకరించినట్టు పలకరించి టీ ఇచ్చింది. మీరిద్దరూ కలిసి కుట్ర పన్నారు.

వాలు ఎక్కాం. నేను ముందు, వాడు వెనక. మాట లేదు. మొదటి ఆకు నేను కోశాను, వాడు మూత తీసేసరికి ఆలస్యమైంది, ఆ ఆకు పనికిరాదని తల అడ్డంగా ఊపాడు. రెండోదీ అంతే. మాట్లాడకుండా ఆ పని అవదు. చివరికి నేనే "ఇదిగో" అన్నాను. పదమూడేళ్ల తర్వాత నేనన్న మొదటి మాట అది. వాడు "ఊఁ" అన్నాడు. అక్కడి నుంచి ఇదిగో, ఊఁ, ఇదిగో, ఊఁ. రెండు సగాలూ పూర్తి చేశాం. పొగ మొహం మీదకి వచ్చినప్పుడల్లా వాడు దగ్గేవాడు. మూత ముయ్యి అని నేను, నువ్వు త్వరగా కొయ్యి అని వాడు.

దిగేటప్పుడు తల్లిచెట్టు ఉన్న గుంట దగ్గర ఆగాడు. "ఆ రోజు ఏ వైపు నుంచి ఎక్కావు?" అన్నాడు.

"ఊట వైపు నుంచి."

"అటు పాచి కదా."

"అవును, జారింది. మోచేయి గీరుకుంది. నీకు చూపిద్దామనుకున్నాను. వారానికి నువ్వు లారీతో వచ్చేసరికి మానిపోయింది."

వాడు డబ్బాని చంకలో సర్దుకున్నాడు. తర్వాత "డబ్బా వేడెక్కుతుంది, పద" అన్నాడు.

అంతే జరిగింది. తప్పయిందనలేదు. నేనూ అడగలేదు. సాక్షులు ఏమంటున్నారో త్వరగా రాయి.

పెద్దనాన్న


నర్సరీ వెనక గది
డిసెంబర్ 8

ఎందుకమ్మకి,

ఆకులు రాలిపోయాయి. నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. మీ పెద్దమ్మకి ఫోన్ చేసి వాతావరణం గురించి మాట్లాడుతున్నావట. వాతావరణం నా కిటికీలోంచి నాకే కనబడుతుంది.

ఏదో దాస్తున్నావు. చెట్టు ఏం చెబితే అదే రాస్తానన్నదెవరు?

పెద్దనాన్న


ప్రయోగశాల, మూడో అంతస్తు
డిసెంబర్ 27

పెద్దనాన్నా,

అవును, దాచాను. ఫలితాలు వచ్చి చాలా రోజులైంది. నాన్నకి చూపించాను. "రాయకు. అన్న చెట్టెక్కాడని తేలింది కదా, అక్కడితో ఆపు. ఆ మడి అన్నకి ప్రాణం" అన్నాడు. నేను ఆయన మాట విన్నాను. వినకూడదు. మీకు మొదటి ఉత్తరంలోనే మాటిచ్చాను.

ఆకు వెనక సన్నటి నోళ్లుంటాయి, నీళ్లు ఆవిరయ్యేది వాటిలోంచే. ఆ మిట్టమధ్యాహ్నం కుడి సగం చెట్లు దాహం పేజీ తెరిచి చదువుతున్నాయి. ఆ నోళ్లు మూసే కూలీలు పనిలో ఉన్నారు. ఎండకి ఓర్చుకునే చక్కెరలు ఆకులో పేరుకున్నాయి. ముగ్గురు సాక్షులదీ ఒకటే మాట. ఎడమ సగంలో ఆ పేజీయే తెరుచుకోలేదు. పుస్తకంలో ఉంది, అక్షరం పోలేదు. కాని ఆ పేజీల మీద చిన్న చిన్న గుర్తులు అతుక్కుని ఉన్నాయి, అతికించి మూసేసిన పేజీల్లాగా. కుడి చెట్లకి ఆ గుర్తులు చాలా తక్కువ.

మొక్క చిన్నప్పుడు పెరిగిన తీరుని బట్టి ఇలాంటి గుర్తులు పడొచ్చు. నాన్న మడికి పైపు అందదు, డబ్బాలతో మోసి, కుదిరినప్పుడు పోసేవాడు. మీ మడిలో మొక్కకి దాహం అంటే ఏమిటో తెలిసే అవకాశమే రాలేదు. ఆ కరువు ఏడు వచ్చినప్పుడు అవి నోళ్లు తెరుచుకునే నిలబడి ఉంటాయని నా అనుమానం.

అనుమానమే, తీర్పు కాదు. ఇన్నేళ్లు ఆ గుర్తులు చెరగకుండా ఉంటాయా అని మా మేడమే ఒప్పుకోవడం లేదు. ఎడమ వైపు నేలలో రాయి ఎక్కువేమో. పైగా మనం అడిగింది బతికినవాటిని. చచ్చినవాటి సాక్ష్యం ఎవరు తెస్తారు? ఖాయంగా తెలియాలంటే మళ్లీ మొదటి నుంచి పెంచి చూడాలి.

కోపం వస్తే నామీద చూపండి. నాన్న మీ మంచికే అన్నాడు.

మీ ఎందుకమ్మ


నర్సరీ వెనక గది
జనవరి 18

తమ్ముడికి,

ఈ ఉత్తరం నీకే. ఎందుకమ్మ చదివి వినిపించనక్కర్లేదు, నీకు చదువొచ్చు.

నువ్వు నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు నిజం నా దాకా రానివ్వొద్దన్నావని తెలిసి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నేనేం చంటిపిల్లనా? నిజం చెబితే మంచం పడతాననుకున్నావా? నేను నా మొక్కలకి చేసింది నువ్వు నాకు చేయబోయావు. నీడపట్టున పెట్టి నీళ్లు పోయబోయావు.

నీళ్లు ఎక్కువ పెట్టానని మాత్రం నేను ఒప్పుకోను. వాడిపోతున్న మొక్కని చూస్తూ చేతులు కట్టుకు కూర్చోవడం నావల్ల కాదు, ఎవరివల్లా కాకూడదు. నీ మడి గట్టిగా పెరిగింది నీ తెలివి వల్ల కూడా కాదు. నీ బద్ధకం వల్ల, పైపు అందకపోవడం వల్ల. దానికి మెడల్ ఇవ్వమంటావా?

అయితే ఒకటి. ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు, కోపంతో కాదు. చెట్టుకి చిన్ననాటి సంగతులు గుర్తుంటాయా? మనం పోసిన నీళ్లు, పోయని నీళ్లు, అన్నీ లోపల దాచుకుంటుందా? నలభై ఏళ్లు మొక్కలతో గడిపాను, ఈ మాట నాకు తట్టలేదు. మీ వదిన "ఈ వయసులో నువ్వూ ఎందుకమ్మవి అయ్యావు" అంటోంది. అననీ.

ఆ పిల్ల రాసింది చూశావుగా, మళ్లీ పెంచి చూస్తేనే తెలుస్తుందని. చూద్దాం. ఇప్పుడు నర్సరీ చూస్తున్నవాళ్లని అడిగాను, ఆ రెండు మళ్లూ ఖాళీగానే ఉన్నాయి, వాడుకోమన్నారు. ఒకే చెట్టు కొమ్మలు కోద్దాం. సగం కింది మడిలో, సగం పై మడిలో. ఈసారి కింది మడి నీది. ఉదయం, సాయంత్రం నీళ్లు పెట్టాలి, ఆకు వాడనివ్వకూడదు, ఎగ్గొట్టావంటే లెక్కలు పాడవుతాయని ఎందుకమ్మ తంతుంది. పై మడి నాది. మొక్క తల వేలాడేస్తుంటే కూడా డబ్బా ముట్టుకోకుండా ఉండాలి. నాకది నీకంటే కష్టమని తెలుసు. అయినా ఉంటాను. నా చేతులు తొట్టి వైపు పోకుండా మీ వదిన కాపలా కాస్తానంది. ఎడమ, కుడి సగాల నేల అనుమానం కూడా తీరుతుంది. నాటేటప్పుడు ఒకటి నీది, ఒకటి నాది కలిపి నాటుదాం.

తేలేసరికి ఏళ్లు పడుతుంది. నువ్వు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న, చూస్తావు. నేను చూడకపోతే నా గుంట దగ్గరకి వచ్చి గట్టిగా చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు.

పిల్లచెట్లు ఇంకా తల్లంత ఎత్తు కాలేదు, నిచ్చెన చాలు. నా మోకాలు ఎక్కనివ్వదు. నువ్వెక్కు, నేను కింద నిచ్చెన పట్టుకుంటాను. నువ్వు ఎక్కావని చెప్పడానికి నేనుంటాను. నేనెక్కిన రోజు అట్లా చెప్పడానికి ఎవరూ లేకపోయారు.

మొగ్గలకి అప్పుడే జిగురు వస్తోంది. విప్పుకున్నాయంటే కొమ్మ నాటడానికి పనికిరాదు, ఏడాది పోతుంది. నా దగ్గర పారబోసుకోవడానికి ఏడాదులు లేవు. ఫిబ్రవరి ఐదో తేదీలోగా నీ జవాబు నా చేతికి అందాలి. ఫోన్ చేయకు. మీ వదినకి చెప్పి పంపకు. నీ చేత్తో రాయి, ఒక్క ముక్క.

వస్తావా, రావా?

అన్న